నల్లపంది కొవ్వు

మా సార్ నాకు పందుల్ని అప్పజెప్పిన రోజు గది నిండా మనుషులున్నారు. పశువైద్యంలో పీజీ చదువుతున్నాను అప్పుడు. ఎవరు ఏ జంతువు మీద పరిశోధన చెయ్యాలో సార్ పంచుతున్నారు. ఒకడికి గొర్రెలు, ఒకమ్మాయికి కోళ్ళు. నేను గేదెలు కావాలని రాసిచ్చాను. సార్ నా కాగితం చూసి నవ్వారు.

"నీకు గేదెలెందుకమ్మా? పందులు తీసుకో. మీవాళ్ళకు అలవాటే కదా. ఇంకెవరికిచ్చినా ముక్కు మూసుకుని కాలం గడిపేస్తారు."

అందరూ నవ్వారు. సార్ చెడ్డమనిషి కాదు. హాస్టల్లో నాకు జ్వరమొస్తే ఇంటి నుంచి అన్నం పంపించిన మనిషి. ఆయన దృష్టిలో పందుల్నివ్వడం కూడా నాకు చేసిన ఉపకారమే. నేను కూడా నవ్వినట్టే పెదాలు కదిపి, చెప్పులోంచి బయటికొచ్చిన నా కాలివేలు చూస్తూ నిలబడ్డాను. చెవులు మండిపోయాయి.

మేం ఎరుకలవాళ్ళం. మా ఊరి చివర మా నాయినకు పందుల మంద ఉండేది. చిన్నప్పుడు బడిలో నా పక్కన కూర్చునే పిల్ల రోజూ ఓసారి నావైపు గాలి పీల్చి కొంచెం జరిగేది. ఇంటికొచ్చాక నేనూ నా గౌను మూతికి పెట్టుకుని వాసన చూసుకునేదాన్ని. నాకేం వాసన వచ్చేది కాదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టేది, నాకు మాత్రమే తెలియని వాసనేదో నాలో ఉందని. పెద్దయ్యాక డాక్టరమ్మ అనిపించుకుంటే అది పోతుందనుకున్నాను. తీరా అక్కడిదాకా వచ్చాక మళ్ళీ పందులే ఎదురొచ్చాయి.

నాకిచ్చిన అంశం ఇదీ: మన నాటు నల్లపందికీ, బయటి దేశాల నుంచి తెచ్చిన తెల్ల సీమపందికీ కండ, కొవ్వు పెరిగే తీరులో ఉన్న తేడా. ఒకే వయసు పిల్లల్ని ఒకే కొట్టంలో, ఒకే దాణా పెట్టి పెంచాం. తెల్లవి పొడుగ్గా సాగాయి. నల్లవి కొంతవరకు ఎదిగి, ఆ తర్వాత తిన్నదంతా వీపు మీద దాచుకోవడం మొదలుపెట్టాయి. కోసి చూసినప్పుడు తెల్లదాని చర్మం కింద కొవ్వు సన్నటి పొరలా ఉంది. నల్లదానికి నా బొటనవేలి మందం. కండకొచ్చేసరికి తారుమారు. నడుము దగ్గర అడ్డంగా కోస్తే తెల్లదాని కండ అరచెయ్యంత ఉంది, నల్లదానిది పిడికిలంత.

తిండి ఒకటే అయినప్పుడు తేడా పుట్టుకలోనే ఉండాలి. ఒక కండలో ఎన్ని పోగులుండాలన్నది పంది పుట్టేనాటికే దాదాపు తేలిపోతుంది. తర్వాత ఆ పోగులు లావెక్కుతాయే గానీ కొత్తవి పెద్దగా రావు. తెల్లజాతిని కొవ్వు తక్కువ మాంసం కోసం తరతరాలుగా ఏరి ఏరి పెంచారు. నల్లదాన్ని అలా ఎవరూ ఏరలేదు. దొరికిన రోజు తిని, దొరకని రోజుకు ఒంట్లోనే దాచుకున్నది బతికింది, దాని పిల్లలు బతికాయి.

నా మొదటి ప్రతిలో ఈ మాటలన్నీ రాశాను. సార్ చివరి రెండు వాక్యాలు కొట్టేసి, పైన ఎర్ర పెన్నుతో "నాటు జాతి నాసిరకం" అని రాసిచ్చారు. "శాస్త్రంలో జాలి పనికిరాదమ్మా" అన్నారు. ఆయన చెప్పినట్టే టైపు చేశాను. నాసిరకం అన్న మాట కొడుతున్నప్పుడు ఎవరైనా వెనక నుంచి చూస్తున్నారేమో అని తిరిగి చూశాను. ఎవరూ లేరు. గదిలో నేనొక్కదాన్నే ఉన్నా సిగ్గేసింది.

కోతలు, కొలతలు అయిపోయాయి. ఇక థీసిస్ పూర్తిగా రాసుకోవడం మిగిలింది. ఆలోగా సర్కారు పశువుల డాక్టరు పోస్టులు పడతాయని అందరూ అనుకుంటున్నారు. అశోక్‌నగర్‌లో కోచింగులో చేరి, నడిచి వెళ్ళేంత దగ్గరలో ఉంటుందని చిక్కడపల్లిలో ఒక గది కిరాయికి తీసుకున్నాను. అది 2011.

ఇంటావిడ కృష్ణాజిల్లా వైపు నుంచి పెళ్ళై వచ్చినావిడ. భర్త ఏదో సర్కారు ఆఫీసులో చేసి పోయారు. కొడుకు బ్యాంకులో ఉద్యోగి, భార్యాపిల్లలతో బర్కత్‌పురలో ఉండేవాడు. ఆవిడ మాత్రం తన ఇల్లు వదలనని ఒక్కతే ఉండేది. వసారాకు అటు ఆవిడ గదులు, ఇటు నా గది. లావుపాటి మనిషి, మోకాళ్ళ నొప్పులు. నాలుగడుగులు వేస్తే ఒకసారి గోడ పట్టుకునేది.

గది చూడ్డానికి వెళ్ళిన రోజు, "ఏం చదివావమ్మాయ్?" అని అడిగింది.

"పశువుల డాక్టర్‌నండీ."

"అబ్బ, గోసేవ! ఎంత పుణ్యమో." ఆవిడ ముఖం వెలిగిపోయింది. తర్వాత గొంతు తగ్గించి, "మీరేవిట్లు?" అంది.

"ఎస్టీలమండి. ఎరుకల."

ఆవిడ కాసేపు నా చెవి పక్కనుంచి వీధిలోకి చూసింది. "సరేలే, డాక్టరువి కదా" అంది. ఆ 'సరేలే' కూడా ఆ రోజు నాకు పెద్ద గౌరవంలాగే అనిపించింది. అంతకుముందు చూసిన ఇళ్ళల్లో ఆ మాట చెప్పగానే గది నిన్ననే ఇచ్చేశామని అన్నారు.

పొద్దున్నే ఆవిడ చేతి కాఫీ తాగి కోచింగుకు వెళ్ళేదాన్ని. కూరగాయల బండి దగ్గర నన్ను చూపించి, "మా ఇంట్లో ఉండే డాక్టరమ్మ, ఆవుల డాక్టరు" అని పక్కింటివాళ్ళకు చెప్పేది. నేను కాదనలేదు, ఆవులకు కూడా డాక్టర్నే కదా అనుకున్నాను. ఆ రోజుల్లో ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం జోరుగా ఉండేది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ వైపు నుంచి ఊరేగింపు చప్పుడు వినబడితే ఆవిడ కిటికీ రెక్కలు వేసుకుని నా గదిలోకొచ్చి కూర్చునేది.

"మమ్మల్ని పొమ్మంటారంటావా అమ్మాయ్?"

"మీ ఇంట్లో మిమ్మల్ని ఎవరు పొమ్మంటరు ఆంటీ? ఏం కాదు, జర నీళ్ళు తాగుండ్రి."

"నువ్వున్నావులే, నాకు ధైర్యం" అనేది.

ఒక ఆదివారం పొద్దున థీసిస్‌లో పెట్టే ఫోటోలు బల్ల మీద పరుచుకుని కూర్చున్నాను. కండను పల్చటి పొరలుగా కోసి, రంగు వేసి, మైక్రోస్కోపులో తీసిన ఫోటోలు. గులాబీరంగు గవ్వలు పక్కపక్కన పేర్చినట్టు ఉంటాయి. ఆవిడ కాఫీ గ్లాసు పట్టుకుని లోపలికొచ్చింది. ఒక ఫోటో చేతిలోకి తీసుకుని వెలుగులో పెట్టి చూసింది.

"ఎంత బాగుందే! చీర మీద డిజైనులా ఉంది. ఏంటిది?"

"కండ ఆంటీ. మైక్రోస్కోపుల చూస్తే గిట్ల కనబడ్తది. ఇవి పోగులు, మధ్యల ఉన్న తెల్లటివి కొవ్వు."

"ఆవుదా? పాపం, చచ్చిపోయిందా?"

"ఆవుది కాదు. పందిది."

ఆవిడ ఫోటోను విసిరెయ్యలేదు. మెల్లగా, తీసిన చోటనే బల్ల మీద పెట్టింది. రెండు వేళ్ళు చీర చెంగుకు తుడుచుకుంది. "కాఫీ చల్లారిపోతుంది, తాగు" అని వెళ్ళిపోయింది.

కాసేపటికి వసారా అవతల బాత్రూం తలుపు పడింది. ఆవిడ ఆ పొద్దునే స్నానం చేసింది, పూజ కూడా అయింది. నాకు తెలుసు, అగరొత్తుల వాసన ఇంకా వస్తూనే ఉంది. లోపల చెంబుతో నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు మొదలైంది. తల మీంచి పోసుకుంటే పడే చప్పుడు వేరు. నేను బల్ల దగ్గర అలాగే కూర్చుని విన్నాను. కాగితమే కదా ఆవిడ ముట్టుకుంది, అని ఎవరితోనైనా అనాలనిపించింది. ఎవరితో అంటాను? నీళ్ళు ఆగినప్పుడల్లా అయిపోయిందనుకునేదాన్ని, మళ్ళీ చెంబు మునిగేది. తలుపవతల ఆవిడ నన్ను కడిగేసుకుంటున్నట్టు అనిపించింది. ఫోటోలన్నీ తిరగేసి, కవర్లో పెట్టి, పరుపు కింద దాచేశాను.

ఆవిడ గది ఖాళీ చెయ్యమనలేదు. మరుసటి పొద్దున కాఫీ కూడా వచ్చింది. తాగాక గ్లాసు కడిగి ఇవ్వబోతే, "ఆ గ్లాసు నీ దగ్గరే ఉండనీలే అమ్మాయ్" అంది. ఆ రోజు నుంచి నా గ్లాసు కిటికీ గూట్లో పెడితే పైనుంచి కాఫీ పోసేది. ఎత్తుగా పట్టుకుని పోసేది. చాలాసార్లు గూట్లో ఒలికేది. ఇంకో మాట కూడా అంది: "పక్కింటివాళ్ళకు మాత్రం ఏం చెప్పకు. ఆవులనే అననీ." కాఫీ వద్దని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. వద్దంటే, నాకు అర్థమైందని ఆవిడకు తెలిసిపోతుంది. అది ఇంకా సిగ్గు.

ఉద్యమంలో భాగంగా జరిగిన సమ్మెలో ఆగిపోయిన బస్సులు మళ్ళీ నడవడం మొదలైన రోజుల్లో మా నాయిన చెప్పకుండా వచ్చాడు. మధ్యాహ్నం కోచింగు నుంచి వచ్చేసరికి వసారా మెట్టు మీద కూర్చుని ఉన్నాడు, తలకు తువ్వాలు, ఒళ్ళో సంచి. ఆవిడ లోపల గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటున్నారు.

"కూసోని కూసోని నడుము నొస్తున్నదని ఫోన్ల అన్నవు గద బిడ్డా" అని నాయిన సంచిలోంచి ఒక సీసా తీశాడు. పచ్చడి సీసా, నిండా తెల్లగా పేరుకుని ఉంది.

"ఏంటయ్యా అది, నెయ్యా?" అని ఆవిడ అడిగింది.

నాయిన తల తిప్పి, ఎంతో మర్యాదగా చెప్పాడు. "కాదమ్మా. పంది కొవ్వు. నల్లపందిది, ఇంట్లనే కాచినం. నడుము నొప్పికి, మోకాళ్ళకు రాస్తరు. మీకు గూడ మోకాళ్ళ నొప్పులంటిరి గదా, జర రాసి చూడుండ్రి."

ఆ క్షణాన భూమి చీలితే బాగుండుననుకున్నాను. నాయిన చేతిలోంచి సీసా లాక్కుని సంచిలో కుక్కేశాను. "లోపలికి రా నాయినా, అన్నం తిందువు" అన్నాను. నా గొంతు గట్టిగా వచ్చింది. ఆవిడ కుర్చీ చేతులు పట్టుకుని లేచి, లోపలికెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. నాయిన ఏం జరిగిందో అర్థంగాక ఒకసారి తలుపువైపు, ఒకసారి నావైపు చూశాడు. తన చేతులు చూసుకున్నాడు. సాయంత్రం దాకా ఉంటానని వచ్చినవాడు అన్నం తినగానే లేచాడు. నారాయణగూడలో బస్సెక్కించి వచ్చాను. దారంతా ఆయన పందుల మాటే ఎత్తలేదు. వానలు, మా తమ్ముడి చదువు, అవీ ఇవీ మాట్లాడాడు. నేను ఎవరి ముందు ఏం మాట్లాడొద్దనుకుంటున్నానో ఆయనకు తెలిసిపోయిందని నాకు అర్థమైంది.

కొన్నాళ్ళకు, చలి మొదలైన రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఆవిడ నా గదిలోకొచ్చింది. ఆ ఆదివారం తర్వాత ఆవిడ నా గడప దాటి రావడం అదే మొదటిసారి. వచ్చి తలుపు దగ్గరగా వేసింది. మంచం మీద కూర్చోలేదు, గోడ పట్టుకుని నిలబడింది.

"ఆ సీసా ఉందా?" అంది.

"ఏ సీసా ఆంటీ?"

"మీ నాన్నగారు తెచ్చింది."

ఉందన్నాను. ఆవిడ చెప్పుకొచ్చింది. నిన్న దేవుడి గదిలో కూర్చుని లేవలేకపోయిందట. పాకి గుమ్మం దాకా వచ్చిందట. తైలాలు, మాత్రలు, సూదులు అన్నీ అయ్యాయి. కొడుక్కి చెబితే తన ఇంటికి తీసుకుపోతాడు, అక్కడ కోడలి చేతి కింద ఉండాలి.

"ఆంటీ, నిజం చెప్తున్న, అది మందు కాదు. దాంతోని తగ్గుతదని ఎక్కడా తేలలే. వెచ్చగ చేసి రుద్దితే జర హాయిగ ఉంటది, గంతే. ఏ నూనైనా గంతే."

"అన్ని నూనెలూ అయ్యాయిగా. ఇదీ చూద్దాం. నువ్వు రాస్తావా? నా చెయ్యి అందదు."

ఆవిడ మంచం మీద కూర్చుంది. సీసాను వేడినీళ్ళ గిన్నెలో పెట్టి కొవ్వు కరిగించాను. ఆవిడ చీర మోకాలి పైకి లాక్కుని, ముఖం గోడవైపు తిప్పుకుంది. మోకాళ్ళు వాచి ఉన్నాయి. నా చేతులు మొదట ఆగాయి. ముట్టుకోవచ్చా అని అడగాలనిపించింది. అడగకుండానే ముట్టుకున్నాను. ఆవిడ ఒళ్ళు ఒక్కసారి బిగుసుకుంది, తర్వాత మెల్లగా వదులైంది.

అలా కొన్ని మధ్యాహ్నాలు గడిచాయి. రాసేటప్పుడు ఆవిడ కళ్ళు మూసుకుని ఏదో ఒకటి అడిగేది.

"నల్లదాని కొవ్వే ఎందుకు? తెల్లవి కూడా ఉంటాయిగా. బళ్ళలో తీసుకుపోతుంటారు, చూశాను."

"తెల్లదానికి కొవ్వు తక్కువ ఆంటీ. దానికి ఎంత పెట్టినా ఎక్కువ కండకే పోతది. నల్లది జల్ది కొవ్వు పడ్తది."

"ఒకే తిండి పెట్టినా?"

"ఒకే తిండి పెట్టినా. పుట్టుకల్నే ఉంటది. అమ్మనాయిన నుంచి వస్తది. కండ మరీ ఎక్కువున్న కొన్ని బయటిదేశం జాతులైతే లారీ ఎక్కిస్తుంటేనే భయపడి చచ్చిపోతయి. నల్లది అట్ల కాదు, దేనికైనా తట్టుకుంటది."

ఆవిడ కళ్ళు తెరిచి తన పొట్ట చూసుకుంది. "మా అక్క నాతో సమానంగానే తినేది. పుల్లలా ఉండేది. నేనే ఇలా తయారయ్యాను. మా అత్తగారు నలుగురిలో నన్ను చూసి ఎంత మాట అనేవారో తెలుసా?" ఆ మాట ఏంటో చెప్పలేదు. కానీ ఏ జంతువు పేరుతో పిలిచి ఉంటారో నాకు తెలిసింది. నాకు తెలిసిందని ఆవిడకూ తెలిసింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. నేను రెండో మోకాలికి రాయడం మొదలుపెట్టాను. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళలో ఆవిడ నాకు దగ్గరగా అనిపించింది అప్పుడే.

రాయించుకున్నాక ఆవిడ వెళ్ళి స్నానం చేసేది. ఆ నీళ్ళ చప్పుడు మాత్రం నాకు అలవాటు కాలేదు.

కొడుకు రావడం ఎప్పుడూ ఆదివారాలే. ఒకరోజు ఏదో బంద్ వల్ల బ్యాంకు ముందే మూశారు. నా గది తలుపు దగ్గరగా వేసి ఉంది గానీ గడియ లేదు. "అమ్మా" అంటూ తోసుకుని లోపలికొచ్చేశాడు. తల్లి నా మంచం మీద, చీర మోకాళ్ళ పైకి. నేను కింద కూర్చుని ఉన్నాను, చేతులు మోచేతుల దాకా జిడ్డు.

"ఏంటమ్మా ఇది? ఏంటీ వాసన?"

ఆవిడ గబగబా చీర కిందికి లాక్కుంది. "ఈ అమ్మాయే రా... మోకాళ్ళకు ఏదో నూనె రాస్తానంది. సరేనన్నాను."

"ఏం నూనె?"

"ఏమో, నాకేం తెలుసు?" అంది ఆవిడ. నావైపు చూడకుండా అంది.

అతను నన్ను అడిగాడు. "ఏమ్మా, ఏం నూనె అది?"

నేను ఆవిడ ముఖంలోకి చూశాను. ఆవిడ తన పాదాలు చూసుకుంటోంది. కొబ్బరినూనె అని చెబితే అయిపోయేదేమో. కానీ గదిలో వాసన ఉంది. అబద్ధం చెప్పి దొరికిపోతే ఇంకా సిగ్గు.

"పంది కొవ్వు సార్" అన్నాను.

అతను అరవలేదు. అరిస్తే బాగుండేది. వెనక్కి ఒక అడుగు వేసి, చెప్పులు గడప బయట విడిచినవాడు మళ్ళీ తొడుక్కున్నాడు. "మా అమ్మ పూజలు చేసుకునే మనిషి. ఆవిడకు చెప్పకుండా ఇలాంటివి పూస్తావా? చదువుకున్నదానివి కదమ్మా."

ఆవిడ ఇప్పుడైనా అంటుందని చూశాను, నేనే అడిగానురా అని. ఒక్క మాట. ఆవిడ నోరు విప్పబోయి, మళ్ళీ మూసుకుంది. మెడ మీద చెమట పట్టింది, చలికాలంలో. అతను ఆవిడను చెయ్యి పట్టి లేపి అవతలికి తీసుకెళ్ళాడు. కాసేపటికి తిరిగొచ్చి, వసారాలోనే నిలబడి, నెలాఖరుకల్లా గది ఖాళీ చెయ్యమన్నాడు.

ఆ ఒక్క మాట నేనైనా ఎందుకు అనలేదని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. ఆవిడ మీద జాలి అని చెప్పుకోవచ్చు. అది కొంచెమే నిజం. ఆవిడే అడిగిందని చెప్పినా అతను నమ్మడని నాకు ముందే తెలుసు. నమ్మని మాట చెప్పి, నమ్మించడానికి బతిమాలుతూ నిలబడే సిగ్గు నాకు వద్దనిపించింది.

నెలాఖరు దాకా ఆగలేదు. అశోక్‌నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్లో మంచం దొరికింది. సామాను ఆటోలో పెడుతుంటే ఆవిడ కిటికీ రెక్క కొంచెం తెరుచుకుని ఉంది. నేను అటు చూడగానే మూసుకుంది. హాస్టల్ కోచింగుకు ఇంకా దగ్గరని, అందుకే మారానని నాయినకు చెప్పాను.

వైవా పరీక్షకు వేరే రాష్ట్రం నుంచి ఒక పెద్దాయన వచ్చారు. నా ఫోటోలు బాగున్నాయన్నారు. తర్వాత "నాసిరకం" అన్న మాట మీద వేలు పెట్టి, "దేనికి నాసి? ఎవరికి?" అని అడిగారు. నేను మా సార్‌వైపు చూశాను. సార్ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. కండ కావాలనుకునేవాళ్ళకు నాసి, అని మెల్లగా అన్నాను. "అలాగైతే అలాగే రాయాలి" అన్నారాయన. దిద్ది మళ్ళీ బైండింగ్ చేయించమన్నారు. ఆయన నన్ను తిట్టలేదు. కానీ నేను మొదట రాసిందేమిటో ఆయనకు చెప్పలేకపోయానే అని బస్సులో వస్తూ ముఖం కిటికీకి ఆనించుకుని కూర్చున్నాను.

ఆ బైండింగ్ పని మీదే నారాయణగూడ వెళ్ళినప్పుడు ఆవిడ కనబడింది. మార్కెట్లో ఆకుకూరల దగ్గర, చేతికర్రతో. ఇంకా లావైంది. నన్ను చూసి ముందు పక్కకు తిరిగింది, తర్వాత తనే పిలిచింది.

"బాగున్నావా అమ్మాయ్?"

"బాగున్న ఆంటీ."

ఆ ఇల్లు మొత్తం కిరాయికిచ్చేశారట. తను ఇప్పుడు బర్కత్‌పురలో కొడుకు దగ్గర ఉంటోందట. ఆ రోజు నుంచి ఒంటరిగా వదలనన్నాడట. "నా వంటిల్లు నాకు లేకుండా పోయింది" అంది. నేను ఉండబట్టలేక అడిగేశాను.

"మీరే రాయమన్నరని మీ అబ్బాయికి చెప్పిండ్రా?"

ఆవిడ కర్ర పిడి మీద బొటనవేలితో రుద్దుతూ నిలబడింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఎలా చెప్పనే? ఆ ఇంట్లో వాళ్ళ ఎదురుగా తిరగాలిగా నేను." చుట్టూ చూసి, గొంతు బాగా తగ్గించింది. "ఇంకో సీసా తెప్పిస్తావా? నేనే రాసుకుంటాలే, బాత్రూంలో."

నాకు కోపం రావాలి. రాలేదు. ఆవిడ అలా గొంతు తగ్గించి నన్ను అడుగుతుంటే, చుట్టూ ఎవరైనా చూస్తున్నారేమో అని నేనే భయపడ్డాను. తెప్పిస్తానన్నాను. వచ్చే నెల మొదటి శనివారం ఇదే చోట, ఇదే వేళకు అని చెప్పుకున్నాం.

ఫోన్లో చెబితే నాయిన ఎంత సంబరపడ్డాడో. "పట్నపోళ్ళు అడిగిండ్రా బిడ్డా!" అని రెండుసార్లు అన్నాడు. ఆవిడ తలుపు దగ్గరగా వేసుకున్నది ఆయన మరిచిపోయి ఉండడు. అయినా మా ఊరొచ్చే బస్సు కండక్టర్ చేతికిచ్చి సీసా పంపించాడు, గుడ్డతో మూతి కట్టి.

శనివారం వెళ్ళి ఆకుకూరల దగ్గర నిలబడ్డాను. అటువైపు కర్రతో ఎవరొచ్చినా ఆవిడే అనుకున్నాను. ఆవిడ రాలేదు. ఆ తర్వాతి శనివారం కూడా వెళ్ళాను. కూరలమ్మే అక్క, "ఎవరికోసం చూస్తున్నవమ్మా?" అని అడిగింది. ఎవరనాలో తోచలేదు. ఎవరికోసమూ కాదని చెప్పి వచ్చేశాను. మళ్ళీ ఆవిడను చూడలేదు. నొప్పి ఎక్కువై బయటికి రాలేకపోయిందో, వాళ్ళకు తెలిసిపోయిందో నాకు తెలియదు.

సీసాను హాస్టల్ గదిలో మంచం కింద పెట్టుకున్నాను. మా గదిలో ఇంకో ఇద్దరు అమ్మాయిలు ఉండేవాళ్ళు. ఇద్దరూ గ్రూప్స్‌కు చదువుతున్నారు, పెద్దామెది కరీంనగర్ వైపు, చిన్నామెది పాలమూరు. నేను పశువుల డాక్టర్నని మాత్రమే వాళ్ళకు తెలుసు. ఒకరోజు గది ఊడుస్తుంటే చిన్నామెకు సీసా తగిలింది.

"అక్కా, ఇదేంది? నెయ్యా?"

చెవులు మళ్ళీ మండాయి. అబద్ధం నోటిదాకా వచ్చింది. ఎందుకో నాయిన వసారా మెట్టు మీద ఎంత మర్యాదగా చెప్పాడో ఆ గొంతు చెవిలో వినబడింది.

"పంది కొవ్వు. మా నాయిన పందులు పెంచుతడు. మా ఇంట్ల కాచిందే."

పెద్దామె పుస్తకం మూసి లేచి బయటికి వెళ్ళింది. సాయంత్రానికి వార్డెన్‌తో మాట్లాడి వేరే గదికి మారిపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు, పరుపు చుట్టుకుని వెళ్ళేటప్పుడు తల వంచుకునే వెళ్ళింది. చిన్నామె మాత్రం చీపురు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.

"మా అమ్మకు నడుము నొప్పి అక్కా. పత్తి చేన్ల వంగి వంగి. దీంతోని తగ్గుతదా?"

"తగ్గదు. రుద్దుతే జర హాయిగ ఉంటది."

"అయితే జరంత ఇయ్యి. ఊరికి పోయినప్పుడు తీస్కపోత. ఇది గట్టిగుంది గదా, పొయ్యి మీద పెట్టాల్నా?"

"ఎండల పెట్టు, చాలు."

ఇద్దరం మేడ మీదికి తీసుకెళ్ళి పిట్టగోడ మీద ఎండలో పెట్టాం. ఆమె చిన్న సీసా కోసం కిందికి వెళ్ళింది. బట్టలు ఆరేసుకోవడానికి వేరే గదుల అమ్మాయిలు పైకి వస్తున్నారు. ఎవరైనా అదేంటని అడుగుతారు. వెళ్ళిపోవాలనిపించింది. వెళ్ళకుండా, పిట్టగోడకు ఆనుకుని అక్కడే కూర్చున్నాను.